నిద్రలేమి: ఒంటికి అలవాటైన మెలకువ, పల్నాడు నేపథ్యంలో

నిద్రలేమి అంటే పడుకోవడానికి వేళా చోటూ ఉండి కూడా నిద్ర పట్టకపోవడం, పట్టినా నడిరాత్రి తెగిపోవడం, లేదా కోడికూతకు ముందే మెలకువ వచ్చి మళ్లీ రెప్ప వాలకపోవడం. దానివల్ల పగటి పని, ఓపిక, మనసు దెబ్బతింటాయి. వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండా మూడు నెలలు ఇలా సాగితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 అనే రోగనిర్ధారణ గ్రంథంలో ఉన్న కొలత ఇదే. పెద్దవాళ్లలో సుమారు పదిమందికి ఒకరు ఈ బాధ పడుతుంటారని వైద్యుల అంచనా. ఇలా ముదిరిన నిద్రలేమిలో చాలా భాగం శరీరం నేర్చుకున్న అలవాటు. నేర్చుకున్నదాన్ని మాన్పించడానికి గత యాభై ఏళ్లలో ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. దానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. అయినా మన పల్లెల్లో నిద్ర పట్టని మనిషి చేతికి మాత్ర అందినంత సులువుగా ఈ పద్ధతి అందడం లేదు.

పల్నాడు 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి, నరసరావుపేట కేంద్రంగా వేరే జిల్లా అయింది. మిరప, పత్తి పండే నేల. సాగర్ కుడికాలువ నీళ్లు పారే మేర వరి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. రాత్రి మేలుకోవడానికి ఇక్కడి బతుకులో కారణాలకు కొదవలేదు: నైట్ షిఫ్టులు, కళ్లం కాపలా, కౌలు బాకీ, కొన్ని ఊళ్లలో తరాలుగా రగులుతున్న ముఠా తగాదాలు. కారణం ఉన్నన్నాళ్లు మేలుకోవడం జబ్బు కిందకు రాదు. కారణం తీరాక కూడా మెలకువ వదలకపోతేనే చిక్కు.

మొదలుపెట్టేది ఒకటి, నిలబెట్టేది మరొకటి

ఈ తేడాను స్పష్టంగా విడదీసి చెప్పినవాడు న్యూయార్క్ సిటీ కాలేజీకి చెందిన మనస్తత్వవేత్త ఆర్థర్ స్పీల్‌మన్. 1987లో ఆయన నిద్రలేమి వెనకున్న కారణాలను మూడు రకాలుగా చూడాలన్నాడు. మనిషి తత్వంలో ముందునుంచీ ఉన్నవి మొదటి రకం: తేలిగ్గా కంగారుపడే స్వభావం, చీమ చిటుక్కుమన్నా లేచే గుణం. నిద్ర చెడగొట్టిన సంఘటన రెండోది. నిద్ర చెడ్డాక దాన్ని బాగుచేసుకోవాలని మనిషి చేసే పనులు మూడోది. మంట అంటించింది రెండోదైనా, దాన్ని ఆరనివ్వకుండా ఉంచేది మూడోదే అన్నది స్పీల్‌మన్ వాదనలో కీలకం.

దీన్ని మన పొలం గట్టు మీద నిలబడి చూద్దాం. 2021 ఖరీఫ్‌లో గుంటూరు, పల్నాడు, ఖమ్మం ప్రాంతాల మిరపతోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూతలో చేరి రసం పీల్చే ఆ పురుగు మందులకు లొంగలేదు. ఎకరానికి లక్ష దాటి పెట్టుబడి పెట్టిన రైతులు తోటలు దున్నేసుకున్నారు. అలాంటి ఏడాది కౌలురైతుకు నిద్ర పట్టకపోవడంలో వింత లేదు. అయితే అతను ఆ తర్వాత ఏం చేస్తాడన్నది చూడాలి. రాత్రి పట్టలేదు కనుక మధ్యాహ్నం వేపచెట్టు కింద రెండు గంటలు పడుకుంటాడు. కాస్త ఎక్కువసేపు పడుకుంటే ఏదో ఒక జాములో పడుతుందని ఎనిమిదిన్నరకే మంచమెక్కుతాడు. పన్నెండు దాకా పొర్లుతాడు. ఫోన్ తీసి టైం చూస్తాడు, ఇంకెన్ని గంటలు మిగిలాయో లెక్క కడతాడు. తెల్లవారుజామున పట్టిన కునుకును వదులుకోలేక ఏడున్నర దాకా లేవడు. పగటి మత్తు వదలడానికి సెంటర్లో టీ మీద టీ తాగుతాడు. ఇందులో ప్రతి పనీ ఆ పూటకు న్యాయంగానే కనిపిస్తుంది. అన్నీ కలిసి నిద్రను ఇంకా పలచబరుస్తాయి. మరుసటి ఏడు తోట కాసి, బాకీలో సగం తీరినా, ఎనిమిదిన్నరకు మంచమెక్కి పన్నెండు దాకా పొర్లడం మాత్రం అలాగే ఉండిపోతుంది.

మంచమే మెలకువకు గుర్తు

రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు బడి పుస్తకాల్లో చదువుకున్నవే. తిండికి ముందు ఒక చప్పుడు పదేపదే వినిపిస్తే, చివరికి ఆ చప్పుడుకే కుక్క నోట నీళ్లూరతాయి. మంచం విషయంలోనూ ఇదే జరుగుతుంది. నెలల తరబడి మంచం మీద కళ్లు తెరుచుకుని దిగులుపడిన మనిషికి, మంచం, దిండు, లైటు ఆర్పడం, ఇవన్నీ మెలకువకు సంకేతాలైపోతాయి. వరండాలో టీవీ ముందు కూర్చుని తూగుతున్నవాడికి, లేచివెళ్లి పక్క మీద వాలగానే కళ్లు విచ్చుకుంటాయి. గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు బిగుస్తుంది. అతను బుద్ధిపూర్వకంగా చేస్తున్నది ఏమీ లేదు. ఒళ్లు తను నేర్చుకున్న పాఠం తను అప్పజెబుతోంది.

ఈ రకం నిద్రలేమిని పోల్చుకోవడానికి వైద్యులు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంట్లో పట్టని నిద్ర బయట ఎక్కడైనా పడుతోందా? మామూలు మనిషికి కొత్తచోట నిద్ర రాదు. మంచంతో మెలకువను ముడివేసుకున్న మనిషికి కొత్తచోటే హాయి. మిరప కోతల రోజుల్లో కళ్లం ఎలా ఉంటుందో పల్నాటివాళ్లకు చెప్పక్కర్లేదు. పగలంతా ఎండలో పరిచిన కాయను, మంచుకు తడవకుండా పొద్దుగూకే వేళకు పోగుచేసి పట్టాలు కప్పుతారు. ఘాటు ముక్కుకు తగులుతూనే ఉంటుంది. దొంగల భయం, అకాలవాన భయం. పక్కన మడతమంచమో, పట్టా మీద దుప్పటో. సౌకర్యం చూస్తే నిద్రకు ఇంతకంటే పనికిరాని చోటు లేదు. ఇంట్లో ఫ్యాను కింద పరుపు మీద రాని నిద్ర అక్కడ వచ్చిందంటే, లోపం అతని నిద్రపోయే శక్తిలో లేదు. ఇంట్లోని ఆ మంచం నేర్పిన అలవాటులో ఉంది. వైద్యం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి ఆనవాలు దొరకదు.

నిద్రను నడిపే రెండు శక్తులు

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనా నేటికీ నిద్రశాస్త్రానికి పునాది. మేలుకున్న ప్రతి గంటా మెదడులో నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. అడినోసిన్ అనే పదార్థం పోగవడం దీనికి ఒక కారణం. కాఫీ, టీల్లోని కెఫీన్ ఆ పదార్థం పనిచేసే చోట అడ్డుపడుతుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక, సాయంత్రం ఆరింటి టీ పదకొండింటికి కూడా ఒంట్లో ఉంటుంది. ఒత్తిడితో పాటు మెదడులోని ఇరవైనాలుగు గంటల గడియారం రెండో శక్తి. పొద్దున కంట్లో పడే వెలుగు దానికి కీ ఇస్తుంది.

మధ్యాహ్నపు కునుకు మొదటి శక్తిని తగ్గిస్తుంది. ఆలస్యంగా లేవడం రెండోదాన్ని వెనక్కి నెడుతుంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెతలో ఉన్నది మొదటి శక్తి గురించిన సత్యమే: ఒత్తిడి నిండుగా పెరిగిన మనిషికి నాపరాయి మీదైనా నిద్ర పడుతుంది.

పోయిన నిద్రను గంటకు గంట తిరిగి కట్టాలన్న నమ్మకం మనలో లోతుగా ఉంది. తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర కథలో లక్ష్మణుడు అడవిలో మేలుకున్న పద్నాలుగేళ్లూ అయోధ్యలో ఊర్మిళ నిద్రపోతుంది. ఆయన వంతు నిద్ర ఆమె మోసిందని లెక్క. ఆ కథలోని ప్రేమకు చేతులెత్తి మొక్కాల్సిందే గానీ ఒళ్లు లెక్క కట్టే తీరు వేరు. రాండీ గార్డ్‌నర్ అనే అమెరికన్ కుర్రవాడు 1964 జనవరికి 264 గంటల మెలకువ పూర్తిచేశాడు. ఆ తర్వాత మొదటి రాత్రి అతను నిద్రపోయింది పద్నాలుగు గంటల పైచిలుకు మాత్రమే. నిద్ర కరువైనప్పుడు ఒళ్లు నిడివి కంటే లోతును పెంచుకుంటుంది. నిన్న పోయిన మూడు గంటలు ఇవాళ తిరిగి రావాలని ముందే మంచమెక్కే మనిషి, ఆ లోతును చేతులారా చెడగొట్టుకుంటున్నాడు.

ఎండ, రాయి, డాబా

పల్నాటి రెంటచింతల పేరు చెబితే రాష్ట్రమంతటికీ ఎండ గుర్తొస్తుంది. రాత్రి నిద్రలోకి జారేటప్పుడు మనిషి లోపలి వేడి తగ్గుముఖం పడుతుంది. తెల్లవారుజాముకు సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ దాకా దిగుతుంది. పగలంతా ఎండ తాగిన స్లాబు, నాపరాళ్లు రాత్రంతా ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంటే ఈ తగ్గుదల సాగదు. అందుకే మన పెద్దలు వేసవిలో డాబా మీద నీళ్లు చల్లి, నులకమంచాలు ఆరుబయట వేసేవాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో నిద్ర పట్టకపోతే దాన్ని జబ్బనుకుని కంగారుపడకూడదు. ఆ కంగారే అలవాటుకు విత్తనం.

నిద్రమాత్రలు

ఆల్ప్రజోలం, డయాజిపాం, జోల్పిడెం లాంటి మందులకు తమ చోటు తమకుంది. చావు దుఃఖంలో, ఆపరేషన్ వేళ, కొద్ది రోజులకు డాక్టరు రాస్తే మేలు చేస్తాయి. వారాల తరబడి వాడితే ఒళ్లు వాటికీ అలవాటుపడుతుంది. మానిన రాత్రి నిద్ర ముందుకంటే అధ్వాన్నంగా చెడుతుంది. అది మందు మానడంవల్ల వచ్చిన తాత్కాలిక బాధ. రోగి మాత్రం మాత్ర లేకపోతే నిద్ర లేదని రుజువైందనుకుంటాడు. ముసలివాళ్లు రాత్రి మూత్రానికి లేచి, ఆ మత్తులో తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఈ మూడు మందులూ మన దేశంలో షెడ్యూల్ హెచ్1 కిందివి. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. దుకాణదారు అమ్మకం వివరాలు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి.

ఈ అలవాటు ఎంత బలమైందో తెలంగాణ కల్తీకల్లు చూపించింది. ఆల్ప్రజోలం, డయాజిపాం కలిపిన కల్లుకు ఏళ్లుగా అలవాటుపడ్డవాళ్లు, 2015లో సరఫరా ఒక్కసారి ఆగేసరికి నిద్ర పట్టక, చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, మతి తప్పి మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతాల ఆసుపత్రులకు చేరారు. నెలల తరబడి మాత్ర వేసుకుంటున్నవాళ్లు సొంతంగా ఒక్కసారి మానడం ఎందుకు ప్రమాదమో చెప్పడానికి ఇది చాలు. డాక్టరు చూస్తుండగా, వారాల మీద, కొద్దికొద్దిగా తగ్గించాలి. మద్యం సంగతీ ఇంతే. తొందరగా పడగొడుతుంది, నడిరాత్రి దాటాక లేపి కూర్చోబెడుతుంది.

అలవాటు మాన్పే వైద్యం

వైద్యులు దీన్ని సీబీటీ-ఐ అంటారు. నిద్ర గురించిన ఆలోచనలనూ, పడక అలవాట్లనూ కలిపి సరిచేసే చికిత్స ఇది. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. దీనికి రెండు మూలస్తంభాలు. ఒకటి మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో ప్రతిపాదించిన పడక నియమాలు. రెండోది 1987లో స్పీల్‌మన్ బృందం ప్రకటించిన పడక వేళ కుదింపు.

బూట్జిన్ నియమాలు వినడానికి చాలా తేలిక. కళ్లు కూరుకొస్తేనే మంచమెక్కాలి. అలసట వేరు, నిద్ర వేరు. మిరపకోతకు వెళ్లొచ్చిన ఒళ్లు హూనమై ఉంటుంది, అయినా నిద్ర రాకపోవచ్చు. మంచం నిద్రకూ దాంపత్యానికీ తప్ప మరి దేనికీ వాడకూడదు. లెక్కలు, ఫోను, టీవీ, తగువులు అన్నీ మంచం దిగాకే. ఇరవై నిమిషాలయిందనిపించినా నిద్ర పట్టకపోతే లేచి అవతలికి వెళ్లాలి. నిద్ర ముంచుకొస్తేనే తిరిగి రావాలి. రాత్రికి ఎన్నిసార్లయినా సరే. ఎంత తక్కువ నిద్రపోయినా పొద్దున ఒకే వేళకు లేవాలి. పగలు పడుకోకూడదు.

వీటిలో లేచి వెళ్లడమే అన్నిటికంటే కష్టం. అర్ధరాత్రి లేచి తిరుగుతుంటే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అందుకని ముందే భార్యకో, అత్తగారికో సంగతి చెప్పి ఉంచాలి. రెండు గదుల ఇంట్లో పిల్లలంతా కింద వరసగా పడుకుని ఉంటే ఎక్కడికని వెళ్తారు? వసారా ఉంటే వసారా, అరుగు ఉంటే అరుగు. అదీ కుదరకపోతే మంచం మీదే గోడకు ఆనుకుని కూర్చుని, పడుకునే ప్రయత్నం మానేసినా కొంత పని జరుగుతుంది. చిన్న లైటు చాలు. జపమాల తిప్పడం, కూరగాయల గింజలు ఏరుకోవడం, పాత పత్రిక తిరగేయడం లాంటి చప్పని పనులు మంచివి. ఫోను వద్దు.

రెండో స్తంభానికి ఒక పుస్తకం కావాలి. కూలీల హాజరు, పురుగుమందుల ఖర్చు రాసుకునే పుస్తకంలో ఒక పేజీ అయినా సరిపోతుంది. ఎన్నింటికి పడుకున్నాడు, సుమారు ఎంతసేపటికి పట్టింది, ఎన్నిసార్లు లేచాడు, ఎన్నింటికి మంచం దిగాడు, ఈ నాలుగూ రెండు వారాలు పొద్దున్నే రాయాలి. రాత్రి గడియారం చూసి రాయకూడదు. అంచనా చాలు.

లెక్క ఇలా సాగుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకు మంచమెక్కి పొద్దున ఐదింటికి దిగే మనిషి మంచం మీద ఎనిమిదిన్నర గంటలున్నాడు. నిజంగా నిద్రపోయింది సగటున ఐదున్నర గంటలు. అంటే మంచం మీది కాలంలో అరవై ఐదు శాతమే నిద్ర. ఇప్పుడతనికి పడక వేళ ఐదున్నర గంటలే ఇస్తారు. పాలకేంద్రంలో పాలు పోయడానికి ఐదింటికి లేవాల్సినవాడైతే, రాత్రి పదకొండున్నర దాకా మంచం దగ్గరికి వెళ్లకూడదు. మొదటి వారం నరకంలా ఉంటుంది. తొమ్మిదికే తూగు వస్తుంది, ముఖం కడుక్కుని నడవాల్సి వస్తుంది. కానీ పోగుపడ్డ నిద్ర ఒత్తిడి రెండో వారానికి పని మొదలుపెడుతుంది. మంచం మీద వాలడం, నిద్రలోకి జారడం దగ్గరవుతాయి. మంచం మీది కాలంలో ఎనభై ఐదు శాతం నిద్రగా మారిందంటే, పడుకునే వేళను పావుగంట ముందుకు జరుపుతారు. అలా వారం వారం పెంచుకుంటూ పోయి, పగలు హుషారుగా ఉండే చోట ఆపుతారు. ఎంత తక్కువ నిద్ర రాసుకున్నా ఐదు గంటలకు లోపు కుదించకూడదన్నది వాడుకలో ఉన్న కట్టుబాటు.

ఆలోచనల్ని సరిచేయడం మూడో అంగం. ఎనిమిది గంటలు పడుకోకపోతే గుండె ఆగిపోతుంది, ఇవాళ పట్టకపోతే రేపు పొలం పనంతా నాశనం లాంటి భయాలను రోగితోనే పరీక్షింపజేస్తారు. నిద్ర పట్టని రాత్రి తర్వాత పని ఎంత జరిగిందో పుస్తకంలో రాసుకుంటే, తాను భయపడినంత నష్టం లేదని అతనికే తెలుస్తుంది. దిగుళ్లు, చేయాల్సిన పనులు సాయంత్రమే కాగితం మీద పెట్టించడం ఇందులో భాగం. కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే సడలింపు విద్య అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో రూపొందించింది. మన యోగనిద్ర దానికి దగ్గరిచుట్టం. ఏది చేసినా నిద్ర తెప్పించుకోవడానికని చేస్తే బెడిసికొడుతుంది. ఒళ్లు తేలికపడటానికని చేయాలి.

జాగారం నేర్పే సంగతి

నరసరావుపేట దగ్గర కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్లు చూసినవాళ్లకు ఈ దృశ్యం తెలుసు. ఊళ్ల నుంచి ఎత్తయిన ప్రభలు కరెంటు దీపాలతో వెలుగుతూ వస్తాయి. మైకులు, జనసముద్రం. తెల్లవార్లూ మేలుకోవాలని మొక్కుకుని వచ్చిన భక్తులు రెండో జాము దాటేసరికి ఆ హోరులోనే దిమ్మలకు ఆనుకుని, మూటల మీద తలవాల్చి నిద్రపోతుంటారు. నిద్రపోకూడదని గట్టిగా అనుకున్నవాళ్లను నిద్ర వెతుక్కుంటూ వచ్చింది.

ఇందులో ఉన్న సూత్రాన్ని వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ వైద్యంగా మలిచాడు. 1970లలో మైఖేల్ ఆషర్, ఆయన సహచరులు దాన్ని నిద్రలేమికి వాడి చూశారు. రోగిని హాయిగా పడుకుని, కళ్లు తెరిచి, మేలుకొని ఉండటానికే ప్రయత్నించమంటారు. నిద్ర కోసం పెనుగులాట ఆగిపోతుంది. పెనుగులాటే మెలకువకు మేత కనుక, అది లేని రాత్రి నిద్ర దానంతటదే వస్తుంది. అందరికీ పనిచేయకపోవచ్చు. నిద్ర పట్టదేమోనన్న భయంతోనే మంచమెక్కేవాళ్లకు మాత్రం ఇది గట్టి మందు.

ఫలితాలు

అమెరికా వైద్యుల కళాశాల 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దలందరికీ మొదట ఇవ్వాల్సింది ఈ చికిత్సేనని చెప్పింది. 2015లో వెలువడిన ఒక సమీక్ష ఇరవై ప్రయోగాల్లోని పదకొండు వందల మంది పైచిలుకు రోగుల ఫలితాలను కలిపి చూసింది. నిద్ర పట్టడానికి పట్టే సమయం సగటున 19 నిమిషాలు, నడిరాత్రి మెలకువ 26 నిమిషాలు తగ్గాయి. మొత్తం నిద్ర పెరిగింది మాత్రం ఏడెనిమిది నిమిషాలే. దీన్ని దాచకుండా రోగికి ముందే చెప్పడం మేలని నా అభిప్రాయం. గంటలు పెరుగుతాయని ఆశపెడితే నిరాశ తప్పదు. ముక్కలు ముక్కలైన నిద్ర ఒక్కటిగా అతుక్కోవడమే ఇక్కడ లాభం.

నిద్ర పరిశోధకుడు చార్లెస్ మోరిన్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగం మరో సంగతి తేల్చింది. సగటున అరవై ఐదేళ్ల వయసున్న 78 మందిలో కొందరికి టెమజిపాం మాత్ర, కొందరికి ఈ చికిత్స ఇచ్చారు. మొదట్లో రెండూ పనిచేశాయి. రెండేళ్లకు చూస్తే చికిత్స పొందినవాళ్ల లాభం నిలిచింది, మాత్ర ఒక్కటే వాడినవాళ్లది నిలవలేదు.

ఎవరు ఆగాలి

పడక వేళ కుదించుకోవడం అందరికీ సరిపడదు. మూర్ఛ ఉన్నవాళ్లు, ఉన్మాదం–కుంగుబాటు మధ్య ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు లేకుండా దీని జోలికి పోకూడదు. నిద్ర తగ్గితే ఆ జబ్బులు రేగుతాయి. మిర్చి లారీ, ట్రాక్టరు నడిపేవాళ్లు, సున్నపు బట్టీ దగ్గర పనిచేసేవాళ్లు మొదటి వారాల్లో ఆ పనులకు దూరంగా ఉండగలిగితేనే మొదలుపెట్టాలి. గట్టిగా గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగేవాళ్లు, కాళ్లు పీకుతూ కదపకుండా ఉండలేనివాళ్లు, థైరాయిడ్ ఎక్కువైనవాళ్లు, బతుకు మీద ఆశ పోయినవాళ్లు ముందు ఆ జబ్బుకు చూపించుకోవాలి. సిమెంటు ఫ్యాక్టరీలో వారానికో షిఫ్టు మారే కార్మికుడి బాధ వేరు. అతని గడియారాన్ని చెడగొట్టింది పని వేళలు. నరసరావుపేట హాస్టళ్లలో రెండింటిదాకా చదివి పదింటికి లేవాలనిపించే కుర్రవాడిదీ ఎక్కువగా వెనక్కి జరిగిన గడియారమే.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

బాగుపడ్డాక కూడా నిద్ర మళ్లీ చెడే రోజులు వస్తాయి. మిరప ధర పడిపోయిన ఏడు, పెళ్లి ఖర్చుల నెల, ఇంట్లో చావు. నాలుగు రాత్రులు నిద్ర పట్టకపోతే పాత రోగం తిరగబెట్టిందనుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో ముందే మంచమెక్కకుండా, పగలు పడుకోకుండా, పొద్దున లేచే వేళ మార్చకుండా ఉంటే చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా సర్దుకోకపోతే పుస్తకంలో మళ్లీ ఆ నాలుగు గడులు గీసి, లెక్క మొదటినుంచి కట్టాలి. ఈసారి పట్టే కాలం మొదటిసారి కంటే సాధారణంగా తక్కువే ఉంటుంది.